ఇంట్లో అందరికీ పొట్టలు: ముందు నూనె ప్యాకెట్లు లెక్కపెట్టండి

ప్రశ్న: మాది విజయవాడ. ఇంట్లో ఐదుగురం. నాకు 42 ఏళ్లు, ఎత్తు 155 సెం.మీ., బరువు 68 కిలోలు. మావారికి 46, ఎత్తు 170, బరువు 74. ఇంటర్ చదివే అమ్మాయి, ఏడో తరగతి బాబు (12 ఏళ్లు, 148 సెం.మీ., 58 కిలోలు), 68 ఏళ్ల అత్తగారు. బయట తిండి నెలకి రెండుసార్లకి మించదు. స్వీట్లు పండగలకే. రాత్రిళ్లు అన్నం మానేసి టిఫినే తింటున్నాం. అయినా నేనూ బాబూ ఏటేటా పెరుగుతున్నాం. మావారికి కాళ్లూ చేతులూ సన్నమే కానీ పొట్ట వచ్చేసింది. అడిగితే 'నా ప్యాంటు పదేళ్లుగా 34 సైజే' అంటారు. బాబు మెడ నల్లబడుతోంది, ఎంత రుద్దినా పోవడం లేదు. నాకు థైరాయిడ్ ఉంది, మాత్ర వేసుకుంటున్నాను. 'మన వంశమే అంత' అంటారు మా అత్తగారు. మా ఆఫీసులో ఒకావిడ ఇంజెక్షన్ వేసుకుని బాగా తగ్గింది. నేనూ వాడొచ్చా? మా నెల సరుకులు ఇవి: 26 కిలోల బియ్యం బస్తా (20 రోజులు వస్తుంది), నూనె 8 లీటర్లు, పంచదార 4 కిలోలు, పప్పులన్నీ కలిపి 4 కిలోలు, గోధుమపిండి 5, ఇడ్లీ రవ్వ 2, ఉప్మా రవ్వ 2 కిలోలు. కూరగాయలు వారానికి ఆరు కిలోలు.

జవాబు: సరుకుల చీటీ జతచేసి మంచి పని చేశారు. చాలామంది 'మేం ఏమీ తినం' అని రాస్తారు, ఇంట్లోకి ఏం వస్తోందో రాయరు. మీరు అడిగినవాటిలో సగానికి ఆ చీటీయే జవాబు చెబుతోంది.

వంశం మాట ముందు తేల్చేద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2005-06 నాటికి దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువు, ఊబకాయం ఉన్నవాళ్లు 12.6 శాతం. 2019-21 సర్వే నాటికి 24 శాతం. పదిహేనేళ్లలో ఎవరి జన్యువులూ మారవు. మారింది వంటిల్లు, పని, ప్రయాణం. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో ఇది 36.3 శాతం, తెలంగాణలో 30.1. మగవాళ్లలో దేశం మొత్తమ్మీద 22.9 అయితే ఆంధ్రలో 31.1, తెలంగాణలో 32.3. కొందరి ఒంటికి కొవ్వు తొందరగా పడుతుందన్నది నిజమే. కానీ ఒకే ఇంట్లో రక్తసంబంధం లేని భార్యాభర్తలిద్దరూ లావెక్కారంటే, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఆ ఇంటి మూకుడే కదా.

ఇక చీటీ లెక్క. పోల్చడానికి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు తీసుకుందాం. రోజుకి 2000 కేలరీలకి ఒక మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400, పండ్లు 100, పాలు లేదా పెరుగు 300 మి.లీ., గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ఇవన్నీ వండకముందు తూకాలు.

మీ నూనె 8 లీటర్లు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఐదుగురికి ముప్పై రోజులకి పంచితే మనిషికి రోజుకి 48 గ్రాములు పైనే. ఉండాల్సింది 27. గ్రాముకి 9 కేలరీల చొప్పున, స్వీటు ముక్క ముట్టకుండానే మనిషికి రోజుకి 190 కేలరీలు అదనంగా పోతున్నాయి. బియ్యం, పిండి, రవ్వలు కలిపితే మనిషికి 320 గ్రాములు. అక్కడ 70 గ్రాములు ఎక్కువ. పప్పులు చూడండి: 27 గ్రాములే, అంటే ఉండాల్సినదాంట్లో మూడోవంతు. ఆదివారం చికెన్, మధ్యలో గుడ్లు వస్తే కొంత పూడుతుంది కానీ పూర్తిగా కాదు. కూరగాయలు 170 గ్రాములు, సగం కూడా లేవు. పంచదార 27 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 లోపు ఉంటే మేలంటుంది. బిస్కెట్లలో, కూల్‌డ్రింకుల్లో ఉన్నది ఇందులో కలవలేదు.

మీ ఇంట్లో జరుగుతున్నది అతి తిండి కాదు. కడుపు నింపే పప్పూ కూరా తక్కువ కావడంతో ఆ ఖాళీని అన్నంతో, నూనెతో నింపుతున్నారు. మార్చాల్సింది ఆ వాటా. 'నేను డైట్‌లో ఉన్నాను' అని మీరొక్కరే విడిగా వండుకుంటే మూడు వారాలు కూడా నిలవదు, మేం హామీ ఇవ్వగలం.

నూనె దగ్గర మొదలుపెట్టండి. ఐదుగురికి 27 గ్రాముల చొప్పున నెలకి నాలుగున్నర లీటర్లు సరిపోతాయి. కానీ 8 నుంచి ఒక్కసారిగా నాలుగున్నరకి దింపకండి. కూర అడుగంటుతుంది, వేపుడు చప్పగా ఉంటుంది, పదో రోజుకి అత్తగారు ఇంకో ప్యాకెట్ తెప్పిస్తారు. ఈ నెల 7, వచ్చే నెల 6, తర్వాత 5, ఆపైన నాలుగున్నర. 2025 ఫిబ్రవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో నూనె పది శాతం తగ్గించమన్నారు. మీ ఇంట్లో పది శాతమంటే 800 మి.లీ. ఆరంభానికి బాగానే ఉంటుంది, అక్కడే ఆగితే లాభం లేదు.

ప్యాకెట్ కత్తిరించిన రోజు దానిమీద తేదీ రాయండి. 7 లీటర్ల నెలలో ఒక్కో లీటరు నాలుగు రోజులు దాటాలి, చివరికి దాదాపు ఏడు రోజులు రావాలి. వంటగదిలో ఈ తేదీ చేసే పని ఏ యాప్ చెయ్యదు. నూనె సీసా వంచి పొయ్యడం మానేసి టీస్పూనుతో వెయ్యండి. ఒక స్పూను సుమారు 40 కేలరీలు. తాలింపుకి మనం గరిటెడు పోస్తాం కానీ ఆవాలు చిటపటలాడడానికి చిన్న గుంట మూకుట్లో రెండు స్పూన్లు చాలు. వెడల్పు బాణలి పెడితే అడుగంతా తడవడానికే నాలుగు స్పూన్లు పోతాయి.

వేపుళ్ల దగ్గర చిన్న కిటుకు ఉంది. దొండకాయ, బెండకాయ, చిక్కుడు ముక్కల్ని పచ్చిగా నూనెలో వేస్తే అవి మగ్గేదాకా నూనె పోస్తూనే ఉండాలి. దొండకాయ, చిక్కుడు అయితే ముందు ఆవిరి మీద ముప్పావు వంతు ఉడికించి, నీరు పూర్తిగా ఆరనిచ్చి, అర కిలో ముక్కలకి మూడు స్పూన్ల నూనెలో పెద్ద మంట మీద చివరి అయిదు నిమిషాలు వేయించండి. బెండకాయని కడిగాక గుడ్డతో తుడిచి, ఆరిన తర్వాతే కొయ్యండి. తడి మీద కోస్తే జిగురొస్తుంది, ఆ జిగురు పోగొట్టడానికే ఇంకో గరిటె నూనె పడుతుంది. ఉప్పు దించే ముందు వెయ్యండి. ముందే వేస్తే ముక్క నీరు వదిలి వేపుడు కాస్తా ఇగురవుతుంది. వంకాయ దూదిలాంటిది, ఎంత పోస్తే అంత పీలుస్తుంది. గుత్తివంకాయని కుక్కర్‌లో ఒక విజిల్ రానిచ్చి ఆ తర్వాత మసాలాలో మగ్గబెట్టండి.

పూరీలు, గారెలు వేయించగా మిగిలిన నూనెని మళ్లీ తాలింపులకి వాడి 'వృథా చెయ్యలేదు' అనుకోవడం మన ఇళ్లలో మామూలే. మరోసారి వేయించడానికి కాచకుండా, వడకట్టి రెండు రోజుల్లో కూరల్లోకి వాడేస్తే పరవాలేదు కానీ అదీ ఆ నెల కోటాలోదే.

ఇక అన్నం. మన భోజనంలో అన్నం ఒకసారి వడ్డించుకునేది కాదు. పచ్చడి ముద్ద, పప్పు ముద్ద, కూర, చారు, చివరికి పెరుగు, ప్రతి దానికీ విడిగా అన్నం పెట్టుకుంటాం. 'ఇంకాస్త పెరుగన్నం' దగ్గరికి వచ్చేసరికి కడుపు ఎప్పుడో నిండి ఉంటుంది. అన్నం మానెయ్యక్కర్లేదు. మొత్తం అన్నం ఒక్కసారే కంచంలో పెట్టుకుని, దాన్నే అన్నింటికీ సర్దుకోండి. పెరుగుని అన్నంలో కలపకుండా గిన్నెలో తినండి, లేదా మజ్జిగ చేసుకుని తాగండి. ఒక్క ఈ మార్పుతోనే పూటకి ఒక వడ్డన తగ్గుతుంది.

కొలతకి రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు వాడండి. అది 180 మి.లీ., నిండా పోస్తే 150 గ్రాముల బియ్యం. వంద గ్రాముల బియ్యం అంటే దాదాపు 350 కేలరీలు, ఉడికితే రెండున్నర రెట్లు పైనే తూగుతుంది. మీకు పూటకి అర కప్పు బియ్యం, మీవారికి ముప్పావు కప్పు సరిపోతాయి. 2000 కేలరీల కంచం అందరికీ ఒకటే కాదు. కూర్చుని పనిచేసే ఆడవాళ్లకి రోజుకి 1660 కేలరీలు, మగవాళ్లకి 2110 చాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో లెక్కగట్టింది. అన్నం ఎంత తగ్గిస్తారో పప్పూ కూరా అంత పెంచండి. పప్పు నెలకి ఏడెనిమిది కిలోలకి, కూరగాయలు వారానికి పది, పన్నెండు కిలోలకి తీసుకెళ్లండి. నూనెలో, బియ్యంలో మిగిలిన డబ్బు అటు మళ్లుతుంది. పలచటి పప్పుచారుని పప్పు కింద లెక్కెయ్యకండి, గిన్నెడు చారులో గుప్పెడు పప్పు కూడా ఉండదు.

రాత్రి టిఫిన్ సంగతి. నాలుగు చపాతీలకి సుమారు 140 గ్రాముల పిండి, అంటే 460 కేలరీలు. ఒక్కోదానికి స్పూను నూనె రాస్తే ఇంకో 160. ఇది మానేసిన అన్నం కన్నా ఎక్కువే కావచ్చు. దోసెలు, పల్లీ చట్నీ అయినా ఇదే వరస. కొర్రలు, సామలు కూడా అంతే. బియ్యం కొలతలోనే కొర్రలు వండుకుంటే కేలరీలు ఇంచుమించు సమానం. పీచు ఎక్కువ కాబట్టి తొందరగా కడుపు నిండుతుంది, ఆ మేరకే ప్రయోజనం. రాగిజావలో బెల్లం కలిపి 'డైట్' అనేవాళ్లకీ మేం చెప్పేది ఇదే.

మీవారి ప్యాంటు గురించి. పొట్ట పెరిగేకొద్దీ మగవాళ్లు ప్యాంటుని పొట్ట కిందికి దించుకుంటారు, అందుకే పదేళ్లయినా సైజు 34 దగ్గరే ఉంటుంది. టైలరు టేపు తీసుకోండి. పక్కన చేత్తో తడిమితే చివరి పక్కటెముక కింది అంచు, తుంటి ఎముక పై అంచు తగులుతాయి. ఆ రెంటికీ సరిగ్గా మధ్యన, చొక్కా లేకుండా, టేపు నేలకి సమాంతరంగా చుట్టండి. ఊపిరి మామూలుగా వదిలాక చూడండి. ఫొటోకి పీల్చినట్టు పొట్ట లోపలికి పీలిస్తే ఐదు సెంటీమీటర్లు ఇట్టే మాయమవుతాయి. మన దేశంలో మగవాళ్లకి 90 సెం.మీ., ఆడవాళ్లకి 80 సెం.మీ. హద్దు. ఇంకో సులువైన గుర్తు: నడుం కొలత ఎత్తులో సగం దాటకూడదు. మీవారి ఎత్తుకి అది 85.

బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) ప్రకారం మీది 28.3, ఆయనది 25.6. పాశ్చాత్యులకి ఊబకాయం 30 దగ్గర మొదలైతే, మనకి డాక్టర్లు 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అంటారు. దానికి కారణం ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ యుడ్కిన్ తమ ఫొటోలే పక్కపక్కన వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. సన్నటి కాళ్లూ చేతులూ, లోపల పేగుల చుట్టూ, కాలేయంలో కొవ్వు: మీవారి ఆకారం అదే. షుగర్, బీపీ ముందుగా పట్టేది ఇలాంటి పొట్టలున్నవాళ్లనే. మీరిద్దరూ పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, కాలేయ పరీక్షలు చేయించి, బీపీ చూపించుకోండి. ఆయన గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయితే అది కూడా డాక్టరుకి చెప్పండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది బాబుని. ఆ మెడ నలుపు మురికి కాదు. సున్నిపిండితో రుద్దితే చర్మం ఒరుసుకుపోతుంది తప్ప నలుపు పోదు. ముట్టుకుంటే మఖమల్‌లా మందంగా ఉండి, చంకల్లో కూడా ఉంటే, ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యక శరీరం దాన్ని మరీ ఎక్కువగా తయారుచేస్తోందని అర్థం. బాబు బీఎంఐ 26.5, పన్నెండేళ్ల వయసుకి ఊబకాయం గీత దాటేసింది. ఈ నెలలోనే పిల్లల డాక్టరుకి చూపించండి. షుగర్, కాలేయం, కొలెస్ట్రాల్ పరీక్షలు, బీపీ అవసరం. బడిలో కొలిచిన పాత ఎత్తులు ఉంటే తీసుకెళ్లండి. తిండి వల్ల లావైన పిల్లలు సాధారణంగా ఈడుకి కాస్త పొడుగ్గానే ఉంటారు. బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోతే అప్పుడు హార్మోన్ల లోపం వెతకాలి.

బాబుతో బరువు తగ్గించే డైట్ చేయించకండి. పెరిగే ఎముకలున్న వయసు అది. బరువు 58 దగ్గర ఆగి, ఏడాదిలో ఎత్తు 155కి వస్తే చాలు, ఒక్క గ్రాము తగ్గకుండానే బీఎంఐ 24కి దిగుతుంది. దానికి కావలసింది మూడే: ఇంట్లో బిస్కెట్, కూల్‌డ్రింక్ నిల్వ లేకపోవడం (300 మి.లీ. కూల్‌డ్రింకులో ఆరు స్పూన్ల పైగా పంచదార), కంచం ముందు ఫోను లేకపోవడం, రోజూ చెమట పట్టేలా గంట ఆట. చుట్టాల ముందు బరువు మాట ఎత్తకండి. 'బొండాం' అని ముద్దుగా పిలిచినా సరే, ఆ పిల్లాడు దొంగచాటుగా తినడం నేర్చుకుంటాడు. బడి సంగతి కూడా అడగండి. కొవ్వు, పంచదార, ఉప్పు ఎక్కువున్న చిరుతిళ్లని బళ్లోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధన తెచ్చింది. 2025లో సీబీఎస్‌ఈ తన బళ్లని 'షుగర్ బోర్డులు' (దేనిలో ఎంత పంచదారుందో చూపే పలకలు) పెట్టమంది. తల్లిదండ్రుల సమావేశంలో మీరొక్కరు అడిగితే వినకపోవచ్చు, నలుగురు అడిగితే క్యాంటీన్ మెనూ మారుతుంది.

అత్తగారిని మాత్రం బరువు తగ్గే లెక్కలోకి లాగకండి. ఆ వయసులో తిండి తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, కండ పోతే కాలు జారుతుంది. ఆవిడకి కావలసింది ఇంకాస్త పప్పు, పెరుగు, గుడ్డు తింటే గుడ్డు, ఇంట్లోనే కాస్త నడక.

థైరాయిడ్ విషయం. హార్మోన్ తక్కువైతే పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగు కిలోలు, అందులో చాలా భాగం నీరే. మాత్రతో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష అంకె) మామూలుకి వచ్చాక మిగతా కిలోలని థైరాయిడ్ ఖాతాలో వెయ్యకూడదు. మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగండి. కాల్షియం, ఐరన్ మాత్రలకీ దానికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. అది పాటించక టీఎస్‌హెచ్ కిందికి దిగనివాళ్లు బోలెడంతమంది.

మీ లక్ష్యం ఆరు నెలల్లో నాలుగైదు కిలోలు. అంత తగ్గినా చాలు, షుగర్, బీపీ అంకెలు కదులుతాయి. వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున కాఫీకి ముందు తూగండి. మొదటి వారం కిలోన్నర తగ్గితే ఎగిరి గంతెయ్యకండి, అందులో ఎక్కువ నీరు. మూడో నెలలో ముల్లు ఆగిపోతే ఆరునొక్కరాగం అందుకోకండి, తేలికైన ఒంటికి తక్కువ ఇంధనం చాలు కాబట్టే అలా అవుతుంది. అప్పుడు నూనె ప్యాకెట్ తేదీలు మళ్లీ చూడండి. సాధారణంగా జారిపోయేది అక్కడే.

నడక వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాడలేనంత వేగంగా. గంట చురుగ్గా నడిస్తే మీ బరువుకి 250 కేలరీల దాకా ఖర్చవుతాయి. పార్కు గేటు దగ్గర ఒక ప్లేటు పునుగులు దాన్ని తిరిగి ఇచ్చేస్తాయి. నడక ఒక్కటే చాలదు. వారానికి రెండు రోజులు చేతులు ఆనకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పదేసి చొప్పున మూడు విడతలు చెయ్యండి. మోకాళ్లు నొప్పిగా ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి.

ఇంజెక్షన్ విషయానికి వస్తే, సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ నిజంగానే పనిచేస్తాయి. టిర్జెపటైడ్ 2025 మార్చిలో మౌంజారో పేరుతో, సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో వెగోవీ పేరుతో ఇక్కడికి వచ్చాయి. ఆకలి తగ్గిస్తాయి, పొట్ట నెమ్మదిగా ఖాళీ అయ్యేలా చేస్తాయి. బీఎంఐ 30 ఉన్నవాళ్లకి, లేదా 27 దాటి షుగర్, బీపీ వంటి జబ్బు తోడైనవాళ్లకి ఇవి ఉద్దేశించినవి. మీది 28.3 కాబట్టి, పైన చెప్పిన పరీక్షలొచ్చాకే ఆ ప్రశ్న. హార్మోన్ల డాక్టరు (ఎండోక్రినాలజిస్ట్) దగ్గర తేల్చుకోండి, బ్యూటీ క్లినిక్‌లో కాదు. మీకున్న థైరాయిడ్ లోపం వీటికి అడ్డు కాదు. కుటుంబంలో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే వాడకూడదు. పాంక్రియాస్ వాపు, పిత్తాశయంలో రాళ్లు ఇదివరకు వచ్చి ఉంటే ముందే చెప్పాలి. ఆపేశాక ఏమవుతుందన్నది మీ ఆఫీసు ఆవిడ బహుశా ఇంకా చూసి ఉండరు. సెమాగ్లూటైడ్ మీద జరిగిన పరీక్షలో మందు మానేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. ఆకలి లేదు కదా అని రెండు ఇడ్లీలతో రోజు వెళ్లదీస్తే కండ కరుగుతుంది. వాడినా ఆ పప్పు, గుడ్డు, కుర్చీ వ్యాయామం తప్పవు.

ఇంకొక్కటి. మీ చీటీలో ఎనిమిది లీటర్లు అని రాశారు. వేసవిలో ఆవకాయకి విడిగా కొన్న పప్పునూనె (నువ్వుల నూనె) అందులో లేదనుకుంటాం. ఎన్ని కిలోల కాయ పెట్టారో, ఎంత నూనె పోశారో గుర్తు తెచ్చుకుని పన్నెండు నెలలకి పంచి కలపండి. జాడీలో పైన తేలే నూనెని గరిటెతో తీసి వేడి అన్నంలో కలుపుకునేది ఇంట్లో ఎవరో కూడా చూడండి.